వాటాలలో నిలిచిన పల్లె: నైలు ఒడ్డున దబూద్

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో, రాజప్రాసాదానికి అనతి దూరంలో, ఒక గుట్టమీద ఉద్యానవనం ఉన్నది. దాని నడుమ లోతులేని కొలను, కొలనులో ఒకదాని వెనుక ఒకటిగా రెండు రాతి ద్వారాలు, వాటి వెనుక చిన్న రాతి గుడి. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దంలో మెరోయ్ రాజు అదిఖలమని కట్టించిన ఈ గుడిని ఈజిప్టు ప్రభుత్వం 1968లో స్పెయిన్‌కు బహూకరించింది. రాళ్ళు విప్పి, ఓడలపై తెచ్చి, తిరిగి పేర్చి 1972లో ప్రజల దర్శనార్థం తెరిచారు. ఆ మాడ్రిడ్ అయినా తొమ్మిదవ శతాబ్దంలో కార్డోవా అమీర్ ముహమ్మద్ కట్టించిన మజ్రీత్ కోట చుట్టూ పెరిగిన ఊరే. అందుచేత అరబీ చరిత్ర చదివిన వారికి ఊరి పేరూ, గుడి పేరూ రెండూ పరిచితంగానే వినిపిస్తాయి. గుడి పేరు దబూద్.

అయితే దబూద్ అన్నది గుడి పేరు కాదు, పల్లె పేరు. గుడి మాడ్రిడ్‌లో ఉన్నది. పల్లె ప్రజలు అస్వాన్‌కు ఉత్తరంగా కోమ్ ఒంబో మైదానానికి తరలింపబడ్డారు. పల్లె నేల, దానిలోని శ్మశానాలతో సహా, నీటి అడుగున ఉన్నది. ఒకే పేరు ఈ విధంగా మూడు చోట్లకు చీలిపోయింది. గుడి కథను కళాచరిత్ర గ్రంథాలు విపులంగా చెబుతాయి. ఆ పల్లె ఏ బంధంతో పల్లెగా నిలిచి ఉండినది, ఆ బంధం నష్టపరిహారపు లెక్కలకు ఎందుకు అందలేదు అన్నది ఈ వ్యాసవిషయం.

అస్వాన్‌కు ఎగువన, సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, నైలు నది పడమటి ఒడ్డున ఉండేది దబూద్. అస్వాన్ నుండి సూడాన్ సరిహద్దు దాకా సుమారు 320 కిలోమీటర్ల పొడవున ఇటువంటి పల్లెలు నలభై వరకు ఉండేవి. పల్లె అంటే మన వైపు వలె ఒకచోట గుమిగూడిన ఇళ్ళని తలచరాదు. అటు కొండ, ఇటు నది, నడుమ సన్నని నేల. ఆ నేల వెంట మైళ్ళ తరబడి చిన్న చిన్న వాడలు. ఒక్కొక్క వాడలో ఒక్కొక్క వంశం. ఇవన్నీ కలసి ఒక ఊరు. ఉత్తర భాగంలో ఉన్నవారు కునూజ్‌లు, నడుమ అరబ్బులు, దక్షిణాన ఫదీజాలు. కునూజ్‌ల నూబీ భాషకూ ఫదీజాల నూబీ భాషకూ ఎంతో భేదమున్నది. నీటిని ఒకరు ఎస్సీ అంటారు, మరొకరు అమన్ అంటారు. దబూద్ కునూజ్‌ల ఊరు.

ఈ కునూజ్ అన్న పేరు వెనుక ఒక చరిత్ర ఉన్నది. అస్వాన్ పరిసరాలలో స్థిరపడిన రబీఆ తెగ అరబ్బులు స్థానిక నూబీలతో వియ్యమందారు. ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ పైన తిరుగుబాటు చేసి నూబియాకు పారిపోయిన అబూ రక్వాను వీరి నాయకుడు పట్టి అప్పగించినందుకు కన్జుద్దౌలా, అంటే రాజ్యనిధి, అన్న బిరుదు పొందాడు. ఇది పదకొండవ శతాబ్దపు తొలి సంవత్సరాల ముచ్చట. కన్జ్ సంతతి వారు గనుక బనూ కన్జ్, కునూజ్ అయినారు. తండ్రుల వైపు అరబ్బు వంశవృక్షాన్ని గర్వంగా చెప్పుకుంటూనే తల్లుల నూబీ భాషను ఇంట్లో నిలుపుకున్న జనం వీరు. నూబియాలో రాజ్యం సోదరికీ, సోదరి కుమారునికీ సంక్రమించే ఆచారముండేదనీ, ఆ వైపు కన్యలను పెండ్లాడిన అరబ్బు తెగల చేతికి రాజ్యం ఆ విధంగానే చేరిందనీ ఇబ్నె ఖల్దూన్ వ్రాశారు. కత్తికన్నా వియ్యమే అక్కడ ఎక్కువ పని చేసిందనిపిస్తుంది.

కత్తి పని చేయనందువల్లనే ఇస్లామీ చరిత్రలో నూబియాకు ప్రత్యేక స్థానం లభించింది. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 31లో (క్రీ.శ. 652), అబ్దుల్లా బిన్ సఅద్ (రజి) నాయకత్వాన సైన్యం దున్‌ఖులా నగరం దాకా వెళ్ళినది. నూబీ విలుకాండ్రు కంటిపాపకు గురిచూసి కొట్టేవారట. అందుకే అరబ్బులు వారిని రుమాతుల్ హదఖ్ అన్నారు. జయం తేలలేదు. ఒప్పందం కుదిరింది. అరబీ గ్రంథాలు దానిని బఖ్త్ అంటాయి. లాటిన్‌లోని పాక్టుమ్ అన్న మాట గ్రీకు మీదుగా ఈ రూపం దాల్చింది. నూబియా రాజు ఏటా 360 మంది బానిసలను పంపవలెను, ముస్లింలు ధాన్యం, వస్త్రాలు ఇవ్వవలెను, ఇరువైపుల బాటసారులకు రక్షణ ఉండవలెను అన్నవి దాని ముఖ్య షరతులుగా తరువాతి గ్రంథకర్తలు పేర్కొన్నారు. బానిసల షరతును చదువుతున్నపుడు నేటి పాఠకుని మనస్సు చివుక్కుమంటుంది, అట్లా అనడం సహజమే. కాని యుద్ధభూమి కాదు, ఇస్లామీ రాజ్యమూ కాదు అన్న ఒక మధ్యస్థితిలో ఈ దేశం దాదాపు ఆరు శతాబ్దాలు నిలిచింది. ఈ ఒప్పందం కాగితాలకే పరిమితం కాదు. హిజ్రీ 141లో (క్రీ.శ. 758) ఈజిప్టు గవర్నరు మూసా బిన్ కఅబ్, షరతులు సరిగా చెల్లడం లేదని నూబియా రాజుకు వ్రాసిన అరబీ లేఖ అసలు ప్రతి 1972లో ఖస్ర్ ఇబ్రీమ్ కోట త్రవ్వకాలలో బయటపడింది.

దబూద్ వంటి పల్లెలకు నేరుగా సంబంధించిన ఘట్టం ఒకటి అల్ మస్ఊదీ తన మురూజుజ్జహబ్ గ్రంథంలో నమోదు చేశారు. అస్వాన్ ముస్లింలు సరిహద్దుకు ఆవల, మరీస్ అనే ఉత్తర నూబియాలో, నూబీల వద్ద భూములు కొన్నారు. ఖలీఫా అల్ మామూన్ ఈజిప్టుకు వచ్చినపుడు (హిజ్రీ 217, క్రీ.శ. 832) నూబియా రాజు ఫిర్యాదు పంపాడు. ఈ భూములు అమ్మినవారు నా బానిసలు, బానిసకు సొత్తు లేదు, కనుక అమ్మకం చెల్లదు అన్నది ఆయన వాదం. మామూన్ విచారణను అస్వాన్ అధికారికి, అక్కడి పెద్దలకు అప్పగించాడు. కొన్నవారు తెలివైనవారు. అమ్మినవారిని ముందుగా కలసి, మీకు మీ పాలకునితో ఉన్న సంబంధమే మాకు మా రాజుతో ఉన్నది, మీరు బానిసలైతే మేమూ బానిసలమే అని చెప్పవలసిందిగా నేర్పారు. వారు అట్లే చెప్పారు. అమ్మకాలు నిలిచినవి. ఆ భూములు తమ కాలం దాకా వారసత్వంగా వస్తున్నవని మస్ఊదీ అంటారు.

ఈ కథలో లౌక్యం ఉన్నదన్నది నిజమే. దానిలోని సారం మాత్రం గొప్పది. నది ఒడ్డు రైతు తన నేలను తాను అమ్ముకోగలడా అన్న ప్రశ్న ఒక న్యాయస్థానం ముందుకు వచ్చి, అమ్ముకోగలడు, ఎందుకంటే అతడు స్వతంత్రుడు అన్న తీర్పు వెలువడింది. పదకొండు శతాబ్దాల తరువాత అదే నేల విషయంలో ఎవరూ ఏ న్యాయస్థానాన్నీ అడగలేదు.

ఇస్లాం ఈ పల్లెలలో నెమ్మదిగా, తరాల మీద వేళ్ళూనింది. దున్‌ఖులాలోని రాజభవనపు మేడను మస్జిద్‌గా మార్చిన శిలాశాసనం హిజ్రీ 717 (క్రీ.శ. 1317) నాటిది. ఆ మస్జిద్‌లో 1969 దాకా నమాజ్ జరిగింది. తరువాత ఉస్మానీల కాలంలో ఖస్ర్ ఇబ్రీమ్ కోటలో నిలిపిన సైనికదళంలోని బోస్నియా వారు స్థానిక స్త్రీలను పెండ్లాడి ఆ ఊరి వారే అయిపోయారు. ఆ కోటలో దొరికిన అరబీ దస్తావేజులు ప్రచురితమైనవి. అవి ఫర్మానాలు, విజయగాథలు కావు. ఎక్కువ భాగం భూమి అమ్మకాలు, నీటి చక్రంలో వాటాలు, నికాహ్‌నామాలు, వారసుల పంపకాలు. ఒక పల్లె చరిత్రను వ్రాయదలచినవారికి ఇంతకన్న విలువైన సామగ్రి లేదు.

ఇక వాటాల సంగతికి వద్దాం. ఈ పల్లెల జీవితం నీటి చక్రం చుట్టూ తిరిగేది. దీనిని అరబీలో సాఖియా అనీ, దక్షిణపు నూబీ భాషలో ఎస్కలే అనీ అంటారు. మన మోట, కపిలల వలె బొక్కెనతో చేదేది కాదు. నిలువు చక్రానికి వేలాడే త్రాటి హారంలో మట్టికుండలు కట్టి, ఎద్దులో ఆవులో గానుగవలె తిరుగుతుంటే, కుండలు ఒకటి తరువాత ఒకటి నీరు తెచ్చి కాలువలో పోసేవి. చక్రం మ్రోత రాత్రింబవళ్ళు వినిపించేది. పశువుల వెనుక కూర్చుని తోలే పని పిల్లలది. 1813లో నూబియాలో పర్యటించిన స్విట్జర్లండు యాత్రికుడు బుర్క్‌హార్ట్, అక్కడ శిస్తును భూమి కొలత మీద గాక నీటి చక్రాల లెక్కన విధిస్తున్నారని వ్రాశాడు. చక్రం లేనిదే నేలకు విలువ లేదన్నమాట.

అయితే ఒక చక్రాన్ని ఒక్కడే పెట్టగల స్తోమత ఎవరికీ లేదు. ఒకరు దూలమిస్తారు, ఒకరు త్రాళ్ళు పేనుతారు, ఒకరు కుండలు, మరొకరు పశువు. నేల వేరొకరిది. కోతనాడు ఎవరి వాటా వారికి. ఖర్జూరపు చెట్టు సంగతి ఇంకా చిత్రమైనది. నేల ఒకరిది, నాటిన పిలక ఒకరిది, అది బ్రతికే దాకా నీరు పోసి పెంచినవారు మరొకరు. కాపు మూడు భాగాలు. ఈ మూడు భాగాలలో ఒక్కొక్కటి తిరిగి వారసులకు, వారి వారసులకు చీలుతుంది. ఆవును సయితం కాళ్ళ లెక్కన పంచుకునేవారు. ఒక కాలు అంటే ఆరు ఖీరాతులు, ఆవు మొత్తం 24 ఖీరాతులు. పాలు ఆ లెక్కనే.

మన పల్లెలలో ఆస్తిని రూపాయిగా తలచి నాలుగణాల వాటా, రెండణాల వాటా అని చెప్పుకున్నట్లే ఈజిప్టులో ఖీరాతులు. ఫరాయిజ్ చదివిన వారికి ఈ 24 సంఖ్య ఎక్కడిదో వివరించనక్కరలేదు. దివ్య ఖుర్ఆన్ నిర్ణయించిన సగం, పావు, ఎనిమిదవ వంతు, మూడింట రెండు, మూడింట ఒకటి, ఆరవ వంతు, ఈ ఆరు భాగాలూ శేషం లేకుండా పోయే అతి చిన్న సంఖ్య 24. తల్లికీ, భార్యకూ, కూతురికీ వాటా వస్తుంది గనుక చెట్టు తునకలవుతుంది. ఇస్లామీ వారసత్వ విధానం ఆస్తిని ముక్కలు చేసి వ్యవసాయాన్ని పాడుచేస్తుందని ఆర్థికశాస్త్రం చదివిన కొందరు అంటూ ఉంటారు. ధాన్యపు దిగుబడి లెక్కలలో అది కొంత నిజం కావచ్చు. కాని నూబియాలో పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్తలు, ముఖ్యంగా 1960 దశకం తొలినాళ్ళలో అక్కడ పనిచేసిన రాబర్ట్ ఫెర్నియా, దీనికి రెండవ ముఖాన్ని చూపారు. చెట్టులో ఎనిమిదవ వంతు వాటా వల్ల కైరోలోని వంటవానికి వచ్చేది నాలుగు పిడికిళ్ళ ఖర్జూరాలే. ఆ నాలుగు పిడికిళ్ళ వల్ల అతడు ఆ ఊరివాడు. అతని మాట లేకుండా చెట్టును అమ్మడానికి లేదు. అతని మరణవార్త వస్తే ఆ చెట్టులో భాగస్వాములందరి ఇళ్ళలోనూ దుఃఖం. ముక్కలైన ఆస్తి మనుషులను ముక్కలు కానివ్వలేదు. నా దృష్టిలో ఈ పల్లెల చరిత్ర నుండి గ్రహించవలసిన మొదటి విషయం ఇదే. ఫరాయిజ్ గురించి మన వ్రాతలలో ఇది దాదాపు కానరాదు.

ఊరి వంటవాడు కైరోలో ఎందుకున్నాడని పాఠకులు అడగవచ్చు. 1902లో అస్వాన్ వద్ద మొదటి ఆనకట్ట పూర్తి అయింది. 1912లో దాని ఎత్తు పెంచారు. 1933లో మళ్ళీ పెంచారు. దిగువ ఈజిప్టు ప్రత్తిచేలకు వేసవి నీరు అందించడానికి చలికాలమంతా నీటిని నిలువచేసేవారు. అంటే పంట కాలంలో పొలం నీళ్ళలో ఉండేది. వేసవి చివర తూములు తెరచినపుడు రెండు మూడు నెలలు బురదనేల బయటపడితే, చేతికందిన పంట ఏదో తీసుకునేవారు. ఖర్జూరపు తోటలు మునిగినవి. మూడుసార్లూ ఇళ్ళు కొండ పైకి జరిపి కట్టుకున్నారు. దబూద్ ఆనకట్టకు దగ్గర గనుక మొదటి దెబ్బ దానిదే. ఆ గుడి కూడ ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళలోనే ఉండేది. 1933 నాటి ఆ అనుభవాన్ని ముహమ్మద్ ఖలీల్ ఖాసిమ్ అనే నూబీ రచయిత అష్షమందూరా అన్న నవలగా వ్రాశారు (1968).

మగవారు బ్రతుకుతెరువు కోసం కైరో, అలెగ్జాండ్రియా, పోర్ట్‌సయీద్, సూయెజ్‌లకు వెళ్ళి వంటవారుగా, ద్వారపాలకులుగా, హోటళ్ళలో పనివారుగా కుదిరారు. పల్లెలో మిగిలినది స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. తపాలా పడవ తెచ్చే జాబులు, డబ్బు, చక్కెర, తేయాకు కోసం ఒడ్డున ఎదురుచూపులు. నగరంలో ప్రతి ఊరికీ ఒక జమ్ఇయ్యా, అంటే సంఘం, ఉండేది. ఎవరు మరణించినా కఫన్, ఖననం దాని బాధ్యత. పని లేనివానికి పని చూపడం, ఊరి మస్జిద్ మరమ్మతుకు చందా, తగవుల పరిష్కారం అన్నీ అక్కడే. పల్లె ఒక కాలు నది ఒడ్డున, మరొక కాలు నగరపు ఇరుకు సందులలో మోపి నిలిచింది.

మిగిలిన స్త్రీలు ఊరిని ఎట్లా నడిపారో చెప్పవలసినది చాలా ఉన్నది. ఇళ్ళు మట్టివి. కునూజ్‌లు ఇటుకలతో, కొయ్యదూలం లేకుండా, కమాను కప్పులు లేపడంలో నేర్పరులు. అస్వాన్ పరిసరాల్లో 1941లో ఈ కప్పులను చూచి ఆశ్చర్యపోయిన వాస్తుశిల్పి హసన్ ఫత్హీ ఆ మేస్త్రీల వద్దనే ఆ విద్య నేర్చి, తరువాత గుర్నా గ్రామ నిర్మాణానికి వారిని పిలిపించాడు. గోడల మీద సున్నంతో, రంగుమట్టితో చిత్రాలు, వాకిలి పైన పింగాణీ పళ్ళేలు పొదిగే అలంకారం చాలా మట్టుకు స్త్రీల చేతిది. ఇంటిముందు మస్తబా అనే అరుగు ఉంటుంది. మన అరుగుల వంటిదే. బాటసారికి అడగకుండానే దానిమీద చోటు దొరుకుతుంది.

మరణం సంభవిస్తే నది ఇరువైపుల వాడల నుండి పడవలలో వచ్చేవారు. రాకపోవడం చిన్న తప్పు కాదు. అది సంబంధాన్ని తెంచుకున్నట్లు. వచ్చినవారు ఏమి తెచ్చారో ఇంటివారు జ్ఞాపకముంచుకుని, తమ వంతు వచ్చినపుడు తిరిగి ఇచ్చేవారు. పెండ్లిలోనూ ఇదే లెక్క. ప్రతి వంశానికీ ఒక వలీ సమాధి, ఏడాదికొకసారి మౌలిద్, సమాధిపై కొత్త వస్త్రం, ఊరందరికీ విందు. వీటి నిర్వహణలోనూ స్త్రీల పాత్ర పెద్దది. నదిలో నివసించే అదృశ్య జీవులకు ఆహారం వదలడం కూడ వారిలో ఉండేది. ఇవి ధర్మసమ్మతములా అన్నది వేరే చర్చ. కైరో చూచి వచ్చిన నూబీ యువకులే వీటిని గట్టిగా విమర్శించారు. కాని మౌలిద్‌ను కేవలం మూఢాచారమని త్రోసివేసేవారు ఒక సంగతి గమనించాలి. పరదేశంలో ఉన్న మగవారు సెలవు పెట్టి ఊరికి వచ్చే రోజు అదే. వాటాల తగవులు తీరేదీ, నికాహ్‌లు నిశ్చయమయ్యేదీ ఆ రోజుననే.

1959 నవంబరు 8న ఈజిప్టు, సూడాన్‌ల మధ్య నైలు జలాల ఒప్పందం కుదిరింది. నూబీలను ఎవరూ సంప్రదించలేదు. సూడాన్ నూబీల తరలింపునకు ఈజిప్టు 150 లక్షల పౌన్లు చెల్లించేటట్లు అందులో నిర్ణయించారు. 1960 జనవరి 9న ఉన్నత ఆనకట్ట నిర్మాణం మొదలైనది. అదే సంవత్సరం మార్చి 8న యునెస్కో నూబియా పురాతన కట్టడాలను కాపాడవలసిందిగా ప్రపంచానికి విజ్ఞప్తి చేసింది. అబూ సింబెల్ గుళ్ళను కోసి, పైకి ఎత్తి, 1968 నాటికి తిరిగి నిలబెట్టారు. దానికి సుమారు 4 కోట్ల డాలర్లు ఖర్చయింది. మన దేశమూ పాలుపంచుకున్నది. 1961-62లో బి.బి. లాల్ నాయకత్వాన భారత పురావస్తు శాఖ బృందం నూబియాలోని అఫియే వద్ద త్రవ్వకాలు జరిపింది. అంతకు కొద్దికాలం ముందే, 1954-60 మధ్య, అదే శాఖ నాగార్జునసాగర్ ముంపుకు లోను కానున్న నాగార్జునకొండ లోయను త్రవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండపైకి తరలించింది. రాళ్ళను నీటినుండి కాపాడే విద్య మనకు అప్పటికే వచ్చు.

దబూద్ గుడిని 1960-61లోనే విప్పి రాళ్ళు అస్వాన్ ద్వీపంలో భద్రపరిచారు. మనుషుల వంతు 1963 అక్టోబరు 18న వచ్చింది. ఈజిప్టు నూబియాలో మొదట కదలిన ఊరు దబూద్. 1964 జూన్ నాటికి సుమారు 50 వేలమంది కోమ్ ఒంబో చేరారు. సూడాన్ వైపు 1964 జనవరి 6న ఫరస్ ప్రజలతో మొదటి రైలు బయలుదేరింది. అక్కడివారిని నైలును వదలి, సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన అత్బరా నది దరినున్న ఖష్ముల్ గిర్బాకు పంపారు. బయలుదేరే ముందు వృద్ధులు, స్త్రీలు శ్మశానాలకు వెళ్ళి సమాధులపై నీళ్ళు చల్లారు, ఫాతిహా చదివారు, పిడికెడు మన్ను మూటగట్టుకున్నారు. ఇంటి గోడలను ముద్దుపెట్టుకున్నవారూ ఉన్నారు.

కోమ్ ఒంబో వద్ద వారికి ఏమీ ఇవ్వలేదనడం అన్యాయం. పాఠశాలలు, ఆసుపత్రి, రైలు, బస్సు దగ్గరకు వచ్చినవి. మగవారు ఇంటికి తరచుగా రాగలరని స్త్రీలు, ముఖ్యంగా యువతులు, ఆశించారు కూడ. కొత్త ఊళ్ళకు పాత పేర్లే పెట్టారు. అయితే నది కంటికి కానరాదు. ఇళ్ళు అన్నీ సిద్ధం కాలేదు. మొదటి సంవత్సరంలో పసిపిల్లలు, వృద్ధులు ఎందరో చనిపోయారు. ఆ లోయను వాదీ జహన్నమ్ అని పిలుచుకున్నారు.

ఇళ్ళ పంపిణీ జరిగిన తీరు చూడండి. ఒక్క గది ఇళ్ళన్నీ ఒకవైపు, రెండు గదులవి ఒకవైపు, మూడు, నాలుగు గదులవి వేరొకవైపు వరుసలుగా కట్టారు. కుటుంబంలో తలల సంఖ్యను బట్టి ఇల్లు. కట్టేవారికి ఇది సులువు. కాని ఒంటరి వితంతువు ఒక్క గది వరుసలో పడింది. ఆమె కూతురు, పిల్లలు గలది, నాలుగు గదుల వరుసలో పడింది. పాత ఊరిలో గోడ పక్క గోడ. మాట వినిపించే దూరం. కొత్త ఊరిలో ముసలామెకు జ్వరం వస్తే ఎవరో పోయి చెప్పాలి. దురుద్దేశంతో ఎవరూ ఇట్లా చేయలేదు. పట్టికలో గదుల సంఖ్యకు గడి ఉన్నది, ఎవరి ప్రక్కన ఎవరు అన్నదానికి గడి లేదు.

నష్టపరిహారమూ అంతే. ఇంటి గదులు, చెట్లు, భూమి లెక్కవేశారు. చెట్టుకు వెల కట్టి వాటాదారులకు పంచవచ్చు, పంచారు. ఎనిమిదవ వంతు వాటాకు వచ్చిన చిల్లర చేతిలో పడగానే, ఆ వాటాతో కట్టుబడి ఉన్న బాధ్యత తీరిపోయినట్లయింది. ఎవరూ అమ్మలేని దానిని ప్రభుత్వం అందరి నుండి ఒకేసారి కొన్నది. అల్ మామూన్ నాటి రైతు అమ్మే హక్కు కోసం సాక్ష్యమిచ్చాడు. అతని వారసునికి అమ్మకుండా ఉండే హక్కు లేకపోయింది.

అన్నిటికంటె దీర్ఘకాలం సాగిన తగవు ముగ్‌తరిబీన్‌లది, అంటే పరదేశంలో ఉన్నవారిది. జనాభా లెక్క తీసిననాడు ఊరిలో లేని కుటుంబాలకు ఇల్లు మంజూరు కాలేదు. ముప్పది సంవత్సరాలుగా ఊరిని నగరం నుండి పోషించినవారు, ప్రతి చెట్టులో వాటా ఉన్నవారు, లెక్కలో ఊరివారు కాలేదు. వారి ఇళ్ళ కోసం దశాబ్దాలపాటు అర్జీలు నడిచినవి.

ఈ సంఘటనను నూబీలు అరబీలో తహ్జీర్ అంటారు. ఈ మాటను తెలుగు చేయడం కష్టం. హిజ్రత్ కూడ అదే ధాతువు. హిజ్రత్ మనిషి తన విశ్వాసం కోసం తానే చేసేది. తహ్జీర్ అంటే వేరొకరు చేయించేది, కదిలించి పంపడం. మన ప్రభుత్వ కాగితాలలో ఉన్న పునరావాసం అన్న మాట దీనికి సరిపోదు. ఆ మాట కొత్త ఇంటివైపు చూస్తుంది. తహ్జీర్ వదలిన ఇంటివైపు చూస్తుంది. మన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో 1981లో శ్రీశైలం జలాశయం క్రింద సుమారు వంద గ్రామాలు ఖాళీ అయినపుడు జనం వాడినది ముంపు అన్న చిన్న మాట. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి చేర్చారు. అది మంచి పనే. ఆ గ్రామాల మస్జిద్‌లు, ఈద్‌గాహ్‌లు, పీర్ల చావిళ్ళు, ఖబరస్థాన్‌ల సమగ్ర పట్టికను ఇప్పటికైనా ఆ ఊళ్ళ వృద్ధుల వద్ద కూర్చుని వ్రాసి పెట్టుకోవలసి ఉన్నది. ఏ చింతచెట్టులో ఎవరికెన్ని అణాల వాటా ఉండేదో కూడ అడగాలి.

సూడాన్‌లో వాదీ హల్ఫా వాసులు కొందరు కదలడానికి నిరాకరించారు. నీరు పెరిగినకొద్దీ గుడిసెలు వెనుకకు జరుపుకుంటూ ఒడ్డునే ఉండిపోయారు. చివరకు ప్రభుత్వం వారి ఉనికిని గుర్తించింది. నేటి వాదీ హల్ఫా పట్టణం ఆ పట్టుదల ఫలితమే. ఈజిప్టులో 2014 రాజ్యాంగం 236వ అధికరణం నూబీలను వారి స్వస్థలాలకు పదేళ్ళలోపల తిరిగి చేర్చే పథకాన్ని ప్రభుత్వ బాధ్యతగా పేర్కొన్నది. అదే సంవత్సరం వెలువడిన 444వ నంబరు ఉత్తర్వు సరిహద్దు ప్రాంతపు విశాల భూభాగాన్ని సైనిక మండలంగా ప్రకటించింది. అందులో పాత నూబీ ఊళ్ళ పరిసరాలు కొన్ని చేరినవి. పదేళ్ళ గడువు 2024లో ముగిసింది. తిరిగి చేర్చడం జరగలేదు.